కువైట్ కనకం బాత్రూము నేల

పద్దెనిమిదేళ్ళు కువైట్‌లో ఒకరింట్లో ఏడు బాత్రూములు కడిగి, ఒక్కసారైనా కాలు జారకుండా తిరిగొచ్చిన కనకమహాలక్ష్మి, రాజోలు దగ్గర తన సొంతింటికి వచ్చిన రోజే బాత్రూములో వెల్లకిలా పడింది.

పడ్డ చప్పుడుకి ఇంట్లో ఉన్న ముగ్గురూ పరిగెత్తుకొచ్చారు. భర్త వీరబాబు, కొడుకు నాగసతీష్, వాళ్ళ వెనకాల గోడ పట్టుకుంటూ అత్తగారు పాపాయమ్మ. తలుపు బయటినుంచి ముందు పలకరించింది పాపాయమ్మే.

"పడ్డావా?"

"పడ్డానండి అత్తయ్యగారూ."

"నేను రెండేళ్ళ కిందటే పడ్డాను," అంది పాపాయమ్మ, ఇందులో పెద్దరికం తనదేనన్నట్టు. "అప్పట్నుంచీ అందులో కాలెట్టలేదు. చీర అడ్డం కట్టుకుని కొబ్బరిచెట్టు మొదట్లో పోసుకుంటన్నాను."

దెబ్బ పెద్దదేం కాదు. తుంటి మీద అరచెయ్యంత మేర కమిలింది. కనకం మాత్రం వెంటనే లేవలేదు. పడ్డచోటే కూర్చుని నేలంతా ఒకసారి పరకాయించి చూసింది. నాపరాళ్ళు. రాయికీ రాయికీ మధ్య పచ్చగా పాకుడు. నీళ్ళు పోయే తూము ఆ చివర మూల ఉంది, నీళ్ళేమో ఈ చివర గుమ్మం దగ్గర నిలబడ్డాయి. తూము ఉన్న మూలే అన్నిటికన్నా ఎత్తుగా ఉంది. అక్కడిదాకా వెళ్ళాలంటే నీళ్ళు కొండెక్కాలి.

ఈ ఇల్లు ఆవిడ ఫోన్లో కట్టించింది. నాలుగేళ్ళ కిందట సెలవుకి వచ్చినప్పుడు పెంకుటిల్లు. ఆవిడ వెళ్ళాక దాన్ని పడగొట్టి స్లాబు వేశారు. ఆవిడ నెలనెలా డబ్బు పంపేది, నాగసతీష్ నెలనెలా వీడియో కాల్లో చూపించేవాడు. హాల్లో టైల్సు పరిచిన రోజున ఫోను నేలకి వంచి, "నీ మొహం కనపడతంది చూడమ్మా" అన్నాడు. నిజంగానే కనపడింది. ముఖద్వారం చూపించాడు, మెట్ల రెయిలింగు చూపించాడు, దేవుడి గదిలో వెలిగి ఆరే లైటు చూపించాడు. బాత్రూము మాత్రం చూపించలేదు, ఆవిడా అడగలేదు. రోజంతా బాత్రూముల్లోనే ఉండే మనిషికి ఫోన్లో కూడా అదే చూడాలని ఎందుకనిపిస్తుంది? కట్టేవాళ్ళు బాత్రూము దాకా వచ్చేసరికి చేతిలో డబ్బు నిండుకుని, పాత ఇంటి అరుగు మీంచి ఊడదీసిన నాపరాళ్ళే అందులో సర్దేశారు.

ఆవిడ బాత్రూముల చదువంతా కువైట్‌లో సాగింది. అక్కడ వాళ్ళకి 'కనకమహాలక్ష్మి' నోరు తిరగలేదు. మధ్యలోని 'మహా' ఉంచుకుని మిగతాది వదిలేశారు. వాళ్ళలో అది ఆడపిల్లలకి పెట్టుకునే పేరేనట. ఊళ్ళో కనకం, అక్కడ మహా. మిగిలిన లక్ష్మి ఆవిడ దగ్గర ఎప్పుడూ నిలవలేదు, ఒకటో తారీకునే బ్యాంకులోంచి రాజోలు వచ్చేసేది.

ఆ ఇంటి బాత్రూముల్లో నేలంతా అద్దంలాంటి పాలరాయి. ఒకరోజు ఇంటి పెద్దావిడ ఆ పాలరాతి మీద సబ్బునురగలో జారి తుంటి విరగ్గొట్టుకుంది. ఆ తర్వాత నాలుగేళ్ళు ఆవిడని ఎత్తి కూర్చోబెట్టి నీళ్ళు పోసింది కనకమే. పాలరాయంతా పెకలించి కొత్త నేల వెయ్యడానికి ఈజిప్టు నుంచి వచ్చిన మేస్త్రి ఒకాయన పదిహేను రోజులు పనిచేశాడు. ఆయనకి టీ అందిస్తూ కనకం పక్కనే నిలబడి చూసింది. పని అయ్యాక ఆయన జేబులోంచి గాజుగోళీ తీసి గుమ్మం దగ్గర వదిలాడు. అది దొర్లుకుంటూ వెళ్ళి తూములో పడింది. ఆయన అరబ్బీలో ఏదో అని నవ్వాడు. కనకానికి మాట అర్థం కాలేదు కానీ సంగతి అర్థమైంది.

అందుకని, తుంటికి కాపడం పెట్టుకుంటూనే మర్నాడు ఇంట్లో చెప్పేసింది: "బాత్రూము నేల తీయించి కొత్తది వేయిస్తాను. నా దగ్గర పాతికవేలున్నాయి. అంతకి మించి ఒక్క రూపాయి పెట్టను."

నాగసతీష్ కళ్ళు మెరిశాయి. వాడు రాజోల్లో సెల్‌ఫోన్ల కొట్లో పనిచేస్తాడు. పెళ్ళి సంబంధాలు వస్తున్నాయి. అమ్మ నోట బాత్రూము మాట వినగానే ఫోన్లో దాచుకున్న బొమ్మ తీసి చూపించాడు. నేలంతా నీలం రంగు సముద్రం, అందులో మూడు డాల్ఫిన్లు.

"ఇదేంట్రా?"

"త్రీడీ అమ్మా. మీద నిలబడితే నీళ్ళమీద నిలబడ్డట్టే ఉంటది."

"నిన్న నీళ్ళమీద నిలబడే కదరా పడ్డాను."

"అది కాదమ్మా. కువైట్ నుంచి వచ్చేవంటే జనం ఏవనుకుంటారు? రేపు సంబంధం వాళ్ళొచ్చేరంటే ముందు బాత్రూమే చూస్తారు. గోడలకి పైదాకా టైల్సు, అద్దం తలుపు, షవరు. ఎనభైవేలల్లో అయిపోద్ది."

పాపాయమ్మ ఫోను చేతిలోకి తీసుకుని దూరంగా పట్టుకుని చూసింది. "ఇందులో కాలెట్టమంటావేంట్రా? మునిగిపోనూ? ఆ చేపలేంటి, పళ్ళికిలిస్తన్నాయి!"

ఇక మిగిలింది వీరబాబు. కొబ్బరికాయల వలుపు పనికి వెళ్ళే వీరబాబు మితభాషి. ఎవరేం చెప్పినా "ఆయ్" అనేవాడు. డాల్ఫిన్లు బావున్నాయి కదా నాన్నా అంటే "ఆయ్" అన్నాడు. డబ్బు దండగ కదండీ అంటే దానికీ "ఆయ్" అన్నాడు. దాంతో నాన్న తనవైపే ఉన్నాడని కొడుకూ, మొగుడు తనవైపే ఉన్నాడని పెళ్ళామూ ధైర్యంగా ఉన్నారు. అత్తగారి సంగతి సరేసరి, ఆయన పుట్టిందగ్గర్నుంచీ తనవైపే.

కనకం ఆ మధ్యాహ్నం టైలరు టేపు పట్టుకుని బాత్రూము కొలిచింది. ఏడడుగుల పొడుగు, అయిదడుగుల వెడల్పు. పాత క్యాలెండరు కాగితం చించి వెనకవైపు గీతలు గీసింది. గుమ్మం ఇక్కడ, తూము అక్కడ, బకెట్టు ఈ గోడవార, అత్తగారి పీట తూముకి రెండడుగుల ఇవతల. అడుగు పలకలైతే పొడుగున ఏడు, అడ్డంగా అయిదు. చూడ్డానికి లెక్క సరిపోయింది గానీ, గోడలు ఏ ఇంట్లోనూ తిన్నగా ఉండవని ఆవిడకి తెలుసు. కోసిన ముక్కలు ఎటు పడాలో కూడా గుర్తుపెట్టింది: తలుపు వెనక ఒక వరస, బకెట్టు కింద ఒక వరస. ఎదురుగా కనపడేచోట అన్నీ నిండు పలకలే. నీళ్ళు ఎటు పోవాలో బాణం గుర్తులు పెట్టింది. గోడలకి ఏమీ వద్దు, ఉన్న సిమెంటుకి రంగు చాలు. షవరు వద్దు, చెంబు ఉంది.

నాగసతీష్ ఆ కాగితం చూసి, "బాత్రూమంటే ఇంతేనా?" అన్నాడు.

"మరి? ఏడు బాత్రూముల్లోనూ నేను కడిగింది ఇంతేరా. మిగిలిందంతా వాళ్ళు చూసుకోడానికి."

టైల్సు కొట్టు రాజోలు బస్టాండు దాటాక ఉంది. యజమాని దుర్గాప్రసాద్. తెల్లచొక్కా, నుదుట బొట్టు, గుమ్మంలోకి వచ్చిన మనిషిని చూసి వాళ్ళింట్లో ఎన్ని గదులున్నాయో చెప్పగలడు. కనకాన్ని నాగసతీష్ పక్కన చూడగానే ఆయనకి సంగతి తెలిసిపోయింది, కొట్టు ముందర వాడు రెండుసార్లు డాల్ఫిన్లని ఫొటో తీసుకున్నాడు మరి.

"రండమ్మా, రండి. కువైట్ నుంచి ఎప్పుడొచ్చేరండి? కూచోండి. ఏయ్, కూల్ డ్రింకు పట్రండి. మన సతీష్‌గారు చూసేరండి, ఫస్టు క్వాలిటీ. గుజరాత్ నుంచి వచ్చిన సరుకండి. మీలాంటోళ్ళకే తెప్పించేం."

కనకం కూల్ డ్రింకు వద్దంది. చెప్పులు విప్పి పక్కన పెట్టింది. చేతిసంచిలోంచి ఒక సబ్బుముక్క, చిన్న సీసాలో కొబ్బరినూనె, చెంబు తీసింది. "కాసిని నీళ్ళిప్పించండి," అంది.

దుర్గాప్రసాద్ ముప్ఫై ఏళ్ళుగా టైల్సు అమ్ముతున్నాడు. జనం వేలితో కొట్టి చూడ్డం చూశాడు, గోటితో గీకి చూడ్డం చూశాడు, ఒకాయన వాసన చూడ్డం కూడా చూశాడు. కొబ్బరినూనెతో వచ్చిన మనిషి ఆవిడే మొదలు.

ఆవిడ డాల్ఫిన్ల పలకని నేలమీద పెట్టించింది. మీద నీళ్ళు చల్లింది, సబ్బు రుద్దింది, నాలుగు చుక్కలు నూనె వేసింది. కొడుకు భుజం గట్టిగా పట్టుకుని, కుడికాలు దానిమీద పెట్టి మెల్లగా ఆనింది. కాలు సముద్రంలో పడవలా ముందుకు వెళ్ళిపోయింది.

"ఇది మామూలుగా ఎవరూ చెయ్యరండి," అన్నాడు దుర్గాప్రసాద్.

"మా ఇంట్లో అందరూ ఇదే చేస్తారండి. నూనె రాసుకుంటారు, సబ్బు రుద్దుకుంటారు, నీళ్ళు పోసుకుంటారు. బాత్రూముకి ఇంకెందుకెళ్తారండి?"

అప్పటికి కొట్లో ఉన్న మరో రెండు కుటుంబాల వాళ్ళు తమ బేరం ఆపేసి ఇటు వచ్చి నిలబడ్డారు. నాగసతీష్ తల పక్కకి తిప్పుకుని పింగాణీ వాష్‌బేసిన్లని శ్రద్ధగా చూడసాగాడు. కనకం ఒకదాని తర్వాత ఒకటి తొమ్మిది రకాలు తొక్కి చూసింది. కార్లు పెట్టుకునేచోట వేసే గరుకు టైల్సు బాగా పట్టాయిగానీ, గోటితో గీకి, "వీటి గుంటల్లో మురికి పట్టేసిందంటే పళ్ళు తోమినట్టు తోమాలి. వద్దండి," అంది. చివరికి కొట్టు వెనకాల, చిరిగిన అట్టపెట్టెల్లో, బూడిదరంగు పలకలు కనిపించాయి. అడుగుకి అడుగు. మెరుపు లేదు, మరీ గరుకూ లేదు. నూనె వేసినా కాలు నిలబడింది.

"ఇవా?" దుర్గాప్రసాద్ మొహం కొంచెం చిన్నబోయింది. "ఇవి నాలుగు పెట్టెలే మిగిలేయండి. రంగులో పిసరంత తేడా ఉంటది పెట్టెకీ పెట్టెకీ. అందుకే ఎవరూ తీసుకోలేదు."

"పిసరంత తేడా ఉంటే తగ్గించి ఇస్తారు కదండీ."

"ఆయ్," అన్నాడు దుర్గాప్రసాద్, తప్పక.

నాలుగు పెట్టెలూ ఆటోలో ఇంటికి వచ్చాయి. దారిపొడుగునా నాగసతీష్ ఫోన్లో డాల్ఫిన్లనే చూసుకున్నాడు.

మేస్త్రి పేరు మత్తయి. ఆ చుట్టుపక్కల టైల్సు పనిలో పేరున్న మనిషి. తెల్లగా నెరిసిన మీసం, చెవిమీద పెన్సిలు. మొదటిరోజు నాపరాళ్ళు తీయించి, మట్టి సర్దించి, క్యాలెండరు కాగితం చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు.

"అక్కగారండీ, ఈ బాణాలేంటండి?"

"నీళ్ళు అలా పోవాలండి మేస్త్రిగారూ. గుమ్మం దగ్గర్నుంచీ తూముకి. ఒక్క చుక్క నిలబడకూడదు."

మత్తయి నవ్వాడు. "అక్కగారూ, వెయ్యి బాత్రూములు వేసుంటానండి ఈ చేత్తో."

"మీరు వేసేరండి. నేను కడిగేను."

మత్తయి ఆ మాటని అప్పటికి పట్టించుకోలేదు. మర్నాడు సాయంత్రానికల్లా సిమెంటు మాలు పోసి, నిండు పలకలూ కోసిన ముక్కలూ కాగితంలో ఎక్కడున్నాయో అక్కడే పరిచేశాడు. పనితనానికి వంక లేదు. గీతలు దారం పట్టి గీసినట్టున్నాయి. చేతులు కడుక్కుని బీడీ ముట్టించబోతుండగా కనకం వంటింట్లోంచి ఒక నిమ్మకాయ పట్టుకుని వచ్చింది.

మత్తయి బీడీ దింపేశాడు. "అక్కగారూ, మాకు నిమ్మకాయలవీ పట్టవండి. మేం చర్చికెళ్తావండి. దిష్టి తీసుకుంటే మీరు తీసుకోండి, నేను బయటికెళ్తాను."

"దిష్టి కాదండి, ఉండండి."

నిమ్మకాయ గుండ్రంగా, నున్నగా ఉన్నదే ఏరి తెచ్చింది. పచ్చిగా ఉన్న నేలమీద కాలు పెట్టకుండా గుమ్మంలో గొంతుకూర్చుని, చెయ్యి చాచి పలక మీద వదిలింది. ఇంటిల్లిపాదీ చూస్తున్నారు. పాపాయమ్మ మాత్రం ఎందుకైనా మంచిదని దణ్ణం పెట్టుకుంది. నిమ్మకాయ కదిలింది. రెండు పలకలు దాటింది, మూడోదాని మధ్యకొచ్చి ఆగింది. కాస్త ఆలోచించుకున్నట్టు అటూ ఇటూ ఊగి, తూముకేసి కాకుండా బకెట్టు పెట్టే గోడవైపు దొర్లి అక్కడ స్థిరపడింది.

మత్తయి వంగి దానికేసి చూశాడు.

"నిమ్మకాయ సొట్టగా ఉందండి," అన్నాడు మత్తయి.

కనకం లోపలికి వెళ్ళి ఇంకోటి తెచ్చింది. అదీ గోడవారకే వెళ్ళి మొదటిదాని పక్కన చేరింది.

"మధ్యలో ఎనిమిది పలకలు ఎత్తి మళ్ళీ వెయ్యాలండి," అంది కనకం, సాధ్యమైనంత మెల్లగా.

"నలభయ్యేళ్ళండి!" మత్తయి గొంతు పెరిగింది. "నలభయ్యేళ్ళ సర్వీసులో నా పనికి నిమ్మకాయ పెట్టి మార్కులేసినోళ్ళు లేరండి. కావాలంటే ఇంకోణ్ణి పిలిపించుకోండి. నేను ఎత్తను." తాపీ, మట్టం చూసే గొట్టం సంచిలో పడేసుకుని బండెక్కి వెళ్ళిపోయాడు.

నాగసతీష్ నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. "చూసేవా అమ్మా. రేపొద్దున ఊరంతా చెప్తాడు. సిమెంటు రేపటికి బిగుసుకుపోద్ది. ఇంకేం చేస్తాం? బకెట్టుంటది కదా, ఆ నీళ్ళు బకెట్టు కిందే నిలబడతాయిలే."

కనకం చీర కుచ్చిళ్ళు పైకి దోపింది. వెడల్పాటి పలుచటి గరిటె ఒకటి తెచ్చుకుంది. "మీరు అటు పట్టుకోండి," అంది భర్తతో. వీరబాబు "ఆయ్" అని అడ్డంగా చెక్క వేసి దానిమీద కూర్చున్నాడు. ఇద్దరూ కలిసి ఎనిమిది పలకలూ ఒకటొకటే లేపారు. కొబ్బరికాయలు వలిచిన చేతులు కదా, వీరబాబుకి ఎక్కడ ఎంత బలం పెట్టాలో తెలుసు. కనకానికి ఎక్కడ పెట్టకూడదో తెలుసు. అడుగున పచ్చి సిమెంటు గీకేశారు. పలకలు కడిగి, తుడిచి, గోడకి ఆనించి వరసగా పేర్చారు. పద్దెనిమిదేళ్ళలో మొగుడూ పెళ్ళాం కలిసి చేసిన మొదటి పని అదే. ఆ సంగతి ఇద్దరికీ తోచింది కానీ, చేతులనిండా సిమెంటుండడంతో ఎవరూ ఏమీ అనలేదు.

మత్తయి మూడోరోజు పొద్దున్న తనంతట తనే వచ్చాడు. పలకరించకుండా తిన్నగా పెరట్లోకి వెళ్ళాడు. గోడకి ఆనించిన పలకలు చూసి ఆగాడు. ఒకటి తీసి తిరగేశాడు, అంచులు వేలితో తడిమాడు.

"ఎవరు తీసేరండి ఇవి?"

"మేవేనండి."

"ఒక్కటీ పగల్లేదే."

"పగిలితే కొట్లో మళ్ళీ దొరకవు కదండీ."

ఆయన పలక పక్కన పెట్టాడు. కూర్చుని మాలు కలిపాడు. మధ్యాహ్నానికి ఎనిమిదీ మళ్ళీ పడ్డాయి. పని అవ్వగానే గుమ్మం బయటికి వచ్చి, నేలకేసి చూస్తూ చెయ్యి వెనక్కి చాపాడు. "ఇవ్వండి," అన్నాడు. కనకం నిమ్మకాయ ఆ చేతిలో పెట్టింది. ఆయనే వదిలాడు. అది ఎక్కడా ఆగకుండా, ఏ ఆలోచనా పెట్టుకోకుండా తిన్నగా వెళ్ళి తూములో పడింది.

ఆయన ఎందుకు తిరిగొచ్చాడో నెల్లాళ్ళ తర్వాత ఆయన భార్య సంతలో కనపడి చెప్పింది. అలిగి ఇంటికెళ్ళిన రాత్రే మత్తయి తన బాత్రూములో నిమ్మకాయ వదిలి చూసుకున్నాడట. అది గుమ్మం దాటి, నడవలోంచి మంచం కిందికి పోయిందట.

కొత్త నేలమీద మొదటి స్నానం పాపాయమ్మది. ఆవిడ లోపలికెళ్ళి గంటైనా రాలేదు. కనకం తలుపు తట్టింది.

"అత్తయ్యగారూ, బానే ఉన్నారా?"

"ఉన్నాన్లే. కాళ్ళు రుద్దుకుంటన్నాను. ఈ రాళ్ళు గరుగ్గా బావున్నాయే, మడమల పగుళ్ళకి."

పద్దెనిమిదేళ్ళుగా కోడలు పంపిన సెంటు సీసాలకి గానీ, దుప్పట్లకి గానీ, ఇంటికి గానీ ఆవిడ నోట మంచిమాట రాలేదు. ఇప్పుడొచ్చింది, అదీ మడమల గురించి. కనకం దాన్నే పుచ్చుకుంది.

ఊరివాళ్ళ మాట వేరు. కువైట్ కనకం బాత్రూము కట్టించిందని విని వరసపెట్టి చూడ్డానికి వచ్చారు. తలుపు తీసి, బూడిదరంగు నేల చూసి, ఇంకా ఏదో ఉందన్నట్టు తలుపు వెనకాల కూడా చూసేవారు. "పని ఇంకా అవ్వలేదాండి?" అని అడిగేవారు. నాగసతీష్ చేసేదిలేక, "ఆయ్, ఇది బేస్ అండి, మీద వేస్తారు" అని చెప్పడం మొదలుపెట్టాడు. ఎదురింటి రామలక్ష్మి మాత్రం దాచుకోలేదు. "పద్దెనిమిదేళ్ళు అక్కడుండి ఇదా వదినా?" అంది. "పద్దెనిమిదేళ్ళుండబట్టే ఇది," అంది కనకం. రామలక్ష్మికి అది జవాబులా అనిపించలేదు.

ఆ నెలాఖరున సంబంధం వాళ్ళు కొత్తపేట నుంచి వచ్చారు. అమ్మాయి పేరు గాయత్రి. ఆ రోజు రాలేదు, తల్లీ తండ్రీ మేనమామా వచ్చారు. నాగసతీష్ భయపడ్డట్టే తల్లి కాఫీ తాగగానే, "చేతులు కడుక్కుంటానండి" అంటూ లేచింది. వాడు ఆవిడ వెళ్ళినవైపే చూస్తూ, మేనమామ అడిగినవాటికి పొంతన లేని జవాబులు చెప్పాడు. ఆవిడ తిరిగి వస్తూ హాల్లోకి తడికాలు పెట్టింది. మొహం కనపడే నేల కదా, సర్రున జారింది. వీరబాబు భుజం దొరికింది కాబట్టి సరిపోయింది.

"అయ్యయ్యో, బాత్రూములో ఏమన్నా..." నాగసతీష్ కంగారుగా లేచాడు.

"బాత్రూము బానే ఉంది బాబూ. ఈ హాలేంటి ఇలా ఉంది?"

"నేల రంగు ఎలా ఉందండి అందులో?" వాడు ఉండబట్టలేక అడిగేశాడు.

ఆవిడ గుర్తుచేసుకోడానికి ప్రయత్నించింది. "రంగా? చూళ్ళేదు బాబూ."

సంబంధం కుదిరింది. జాతకాల వల్లనో, కట్నం ప్రసక్తి తేకపోవడం వల్లనో అని అందరూ అనుకున్నారు. అసలు సంగతి పెళ్ళిమాటలప్పుడు గాయత్రి తల్లే బయటపెట్టింది: "అత్తగారు బాత్రూములు తనే కడుక్కుంటారని విన్నావండి. మా పిల్లకి సుఖం."

కనకం నవ్వి, "కడగక్కర్లేకుండా వేయించుకున్నానండి," అంది. వాళ్ళు అది వినయం అనుకున్నారు.

ఈలోగా మత్తయి పేరు పెరిగింది. ఎవరింట పని చేసినా చివర్లో నిమ్మకాయ అడగసాగాడు. 'కువైట్ వాలు' అని దానికి తనే పేరు పెట్టాడు. జనానికి వాలు సంగతి పట్టలేదు గానీ నిమ్మకాయ బాగా పట్టింది. రెండు మూడు ఇళ్ళ తర్వాత దానికి పసుపు రాసి ఇవ్వడం మొదలైంది. ఆ తర్వాత కుంకం బొట్టు. అటు తర్వాత మేస్త్రికి తాంబూలం. పసుపు తడికి కాయ అంటుకుని సరిగ్గా దొర్లదని మత్తయి మొత్తుకున్నా ఎవరూ వినలేదు. ఒకచోట మంచిముహూర్తం చూసి వదిలారు. అది మధ్యలో ఆగిపోతే, ఆగినచోట ఇంకో బొట్టు పెట్టారు.

దుర్గాప్రసాద్ కూడా గమనిస్తూనే ఉన్నాడు. తన కొట్లో ఆ రోజు చూసినవాళ్ళు పదిమందికి చెప్పారు, ఆ పదిమందీ వచ్చి "నూనె వేసి చూపించండి" అంటున్నారు. ఆయన ఒకరోజు ఇంటికే వచ్చాడు.

"అమ్మా, మీరు మా షోరూములో కూచోవాలండి. ఆడవాళ్ళు మీ మాటే నమ్ముతారు. నెలకి పదివేలిస్తాను. ఆడవాళ్ళకి బస్సు ఎలాగూ ఊరికేనే కదండీ."

"ఏం చెయ్యాలండి?"

"ఆ చెంబు, సబ్బు, నూనె. అంతేనండి."

కనకం ఆలోచించింది. "కూచోవాలన్నారు కదండీ. కుర్చీ ఉంటదా?"

దుర్గాప్రసాద్‌కి ప్రశ్న అర్థం కాలేదు. "కుర్చీ లేకపోడమేంటండి!"

"అయితే వస్తానండి," అంది.

ఆవిడ చేరిన మొదటి వారంలోనే ఉప్పలగుప్తం నుంచి ఒక జంట వచ్చింది. రొయ్యల చెరువులున్న వాళ్ళు, కొత్తిల్లు కడుతున్నారు. కనకం కుర్చీలోంచి లేచి, చెప్పులు విప్పి, అయిదు రకాల పలకలు పరిపించి అన్నిటిమీదా నీళ్ళూ సబ్బూ నూనే వేసి, ఆ ఇల్లాలి చెయ్యి పట్టుకుని ఒక్కొక్కటే తొక్కించింది. ఏది జారుతుందో, ఏది పట్టు ఇస్తుందో, ఏది మురికి దాస్తుందో, కువైట్‌లో పెద్దావిడ తుంటి ఏమైందో, అన్నీ చెప్పింది. ఇద్దరూ ఎంతో శ్రద్ధగా విన్నారు. ప్రతిదానికీ "ఆయ్, ఆయ్" అన్నారు. ఇల్లాలు రెండుసార్లు "నిజవేనండి" అంది. ఆ తర్వాత భర్తకేసి చూసింది, భర్త దుర్గాప్రసాద్‌కేసి చూశాడు, మూడు బాత్రూములకీ సరిపడా డాల్ఫిన్లు కొన్నారు.

దుర్గాప్రసాద్ బిల్లు రాస్తూ ఆవిడవైపు కాస్త బిడియంగా చూశాడు. కనకం కాళ్ళు తుడుచుకుని, కుర్చీలో కూర్చుని, సబ్బుముక్క ఆరబెట్టుకుంది. వాళ్ళు గుమ్మం దాటబోతుంటే మాత్రం పిలిచింది.

"అమ్మా, గోడకి పట్టుకోడానికి స్టీలు కడ్డీలు కూడా వేయించుకోండి. బాత్రూముకి రెండేసి."

కడ్డీలు కూడా దుర్గాప్రసాద్ దగ్గరే ఉన్నాయి. ఆరు పట్టుకెళ్ళారు.